పోలండ్ పుస్తకం, రెండో ఫారం

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో నవ్వుతూ అనే మాటే, కానీ ఆ నోటి వల్ల ఒక మనిషి జైలుకు పోయాడు, ఒక పుస్తకం పుట్టకుండానే పోయింది. ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు ధైర్యం వచ్చి రాస్తున్నానని అనుకోకండి. నిలదీసి అడగాల్సిన ఇద్దరూ ఇప్పుడు లేరు, అందుకని రాస్తున్నాను.

ఎమర్జెన్సీ రోజుల్లో నేను వరంగల్ స్టేషన్ రోడ్డు పక్కన ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. సీసపు అక్షరాలను గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చడం నా పని. పెళ్ళి పత్రికలు, అడ్తి దుకాణాల బిల్లు పుస్తకాలు, సినిమా కరపత్రాలు, ఇవే మా బతుకు. మా దగ్గర అక్షరాలు తక్కువ. ఎనిమిది పేజీలు పేరిస్తే గళ్ళు ఖాళీ అయ్యేవి. ఆ ఎనిమిదింటినీ ఒక ఫారం అంటాం. అది అచ్చయ్యాక విడగొట్టి, అక్షరాలను మళ్ళీ గళ్ళలో పోస్తేనే తర్వాతి ఫారం మొదలయ్యేది. అందుకే మా దగ్గరికి పుస్తకం పని ఎవరూ తెచ్చేవారు కాదు. ఒక్క సారు మాత్రం తెచ్చాడు.

ఆయన మడికొండ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవాడు. సంచిలో ఆరు లావుపాటి నోటు పుస్తకాలు, నిండా సన్నటి రాత. పోలండ్ సాహిత్య చరిత్ర, మొదటి నుంచి నేటి దాకా, తెలుగులో. అచ్చు ఖర్చు ఆయనదే.

"వరంగల్ల పోలండ్ ఎవడు సదువుతడు సారూ?" అన్నాను మొదటి రోజే.

"నువ్వు సదువుతవు గద తమ్మీ, పేర్చుకుంట," అన్నాడు.

అక్కడే ఆయన లెక్క తప్పింది. కంపోజిటర్ చదవడు. కన్ను అక్షరాన్ని చూస్తుంది, చెయ్యి గడిలోకి పోతుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. మొదటి ఫారమంతా మత గురువులు లాటిన్‌లో రాసుకున్న కాలం గురించి అని లీలగా గుర్తు. సొంత భాషను వాళ్ళు దేవుడి పాటలకు మాత్రం వాడుకునేవారట. రెండో ఫారం నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక కవి గురించి. ఆయన చిన్న కూతురు చనిపోతే, ఆ పిల్ల మీద వరసగా ఏడుపు పాటలు కట్టాడట, అదీ వాళ్ళ సొంత భాషలో. నేను ఆవులిస్తూ పేర్చాను.

ఆ రెండో ఫారం దగ్గర సారు నా ప్రాణం తీశాడు. ప్రూఫు దిద్దడానికి నాలుగు సార్లు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని ఒక వాక్యం కొట్టేసేవాడు, ఇంకోటి రాసేవాడు, మర్నాడు వచ్చి మళ్ళీ పాతదే పెట్టమనేవాడు. ఆయన ఒక మాట మారిస్తే నేను పేజీ సగం విప్పి మళ్ళీ బిగించాలి.

"గీ ఎనిమిది పేజీలకే నేను ముసలోణ్ణయితా సారూ," అని విసుక్కున్నాను.

"జర ఓపిక పట్టు తమ్మీ. గిదొక్కటి మంచిగ రావాలె," అన్నాడు. నవ్వలేదు. ఆయన దిద్దిన ఆ ప్రూఫు కాగితాలతోనే సాయంత్రం నేను చేతులకంటిన సిరా తుడుచుకున్నాను.

నాలుగో ఫారం వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ముగ్గురు రాజులు ఆ దేశాన్ని ముక్కలు చేసి పంచుకున్నారట. నూరేళ్ళకు పైగా ప్రపంచ పటంలో ఆ పేరే లేదట. బళ్ళలో పరాయి భాష. సొంత భాష పిల్లలకు ఇళ్ళల్లో, తలుపులు వేసుకుని చెప్పుకునేవాళ్ళట. కవులు పరదేశాల్లో కూర్చుని రాస్తే ఆ పుస్తకాలు బట్టల మూటల్లో దొంగతనంగా వచ్చేవట. సర్కారుకు భయపడి కొందరు వేరే కాలం కథ, వేరే రాజు కథ చెప్తున్నట్టు రాసి, లోపల తమ గోడు పెట్టేవాళ్ళట.

మా నాయన నిజాం కాలంలో బడిలో ఉర్దూ చదివాడు. తెలుగు అక్షరాలు ఆయనకు మా నాయనమ్మ ఇంట్లో బూడిద మీద రాయించి నేర్పింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంలో నేనూ లాఠీ దెబ్బలు తిన్నాను, ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఇంకెక్కడి పోలండ్? సారు కూడా ఆ కవుల్లాగే చేస్తున్నాడు, పరాయి పేరు పెట్టి మన సంగతి రాస్తున్నాడు. ఎంత తెలివి అని మురిసిపోయాను. సారును మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే గుట్టు బయటపడుతుందని నా గొప్ప ఆలోచన.

గుట్టు దాచినవాణ్ణి నోరు మూసుకోవాలి కదా. ప్రెస్సు పక్క హోటల్లో చాయ్ తాగుతూ నాలుగో ఫారాన్ని మొత్తం అప్పజెప్పేవాణ్ణి. మొదట ఇద్దరు విన్నారు, తర్వాత పదిమంది మూగారు. "పోలండంటె ఏందో ఎరికేనా?" అని కన్ను గీటేవాణ్ణి. విన్నవాళ్ళలో ఒకడు పోలీసు మనిషి అని తర్వాత తెలిసింది.

అయిదో ఫారం సగంలో ఉండగా ఎస్సై వచ్చాడు. అప్పుడు సారు ప్రెస్సులోనే ఉన్నాడు. ఎస్సై అచ్చయిన కాగితాలు తిరగేసి, "ఈడ పుట్టి ఏడనో ఉన్న దేశం మీద ఎందుకు రాస్తున్నవ్?" అన్నాడు.

"ఇంగ్లిష్ పుస్తకాలల్ల సదివిన సార్. మంచిగనిపించింది, రాసిన," అన్నాడు సారు.

ఎస్సై నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. గిది ఎవరి గురించి?"

భయపడి చెప్పానంటే నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. నాకు ఆ క్షణం భయం లేదు. ఛాతీ పొంగింది. "మన గురించే సార్," అన్నాను.

సారు నన్ను చూసిన చూపులో కోపం లేదు. నేనేం మాట్లాడానో అర్థం కానట్టు చూశాడు. ఆ సాయంత్రమే ఆయన్ని తీసుకుపోయారు. నోటు పుస్తకాలూ, అచ్చయిన నాలుగు ఫారాలూ జీపులో వేసుకున్నారు. నన్ను రెండు దెబ్బలు కొట్టి వదిలేశారు. మర్నాడు ఓనరు చెప్తే అయిదో ఫారాన్ని నా చేతులతోనే విడగొట్టాను. ఆ అక్షరాలతో ఒక పెళ్ళి పత్రిక పేర్చాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక సారు బయటికొచ్చాడు. నోటు పుస్తకాల కోసం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే అటువంటివేవీ మా దగ్గర లేవన్నారట. ఒకసారి చౌరస్తాలో నాకు ఎదురుపడ్డాడు. నేను తప్పుకోబోతే సైకిల్ ఆపాడు.

"గా దేశం నిజంగనే ఉన్నది తమ్మీ. నేను దాని గురించే రాసిన," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను మళ్ళీ ఆయన్ని చూడలేదు.

ఎనభై తర్వాత ఒక చలికాలం రేడియోలో పోలండ్ పేరు విన్నాను. వీధుల్లో సైన్యం దిగిందట, మనుషుల్ని పట్టుకుపోతున్నారట. చేతిలో అక్షరాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్కడ నిజంగా మనుషులున్నారు, వాళ్ళ ఏడుపు వాళ్ళకుంది. మర్నాడు బస్సెక్కి మడికొండ పోయాను.

సారు ఏడాది కిందే చనిపోయాడు. తలుపు తీసింది ఆయన భార్య. ఫలానా ప్రెస్సులో కంపోజిటర్నని చెప్పాను. నేను హోటల్లో వాగిందీ, ఎస్సైకి చెప్పిందీ, అంతా ఒప్పుకున్నాను. ఆమె విని, కూర్చోమంది. చాయ్ ఇచ్చింది.

"మాకొక బిడ్డ ఉండె తమ్మీ," అంది. "మూడేండ్లకు దవాఖానల పోయింది. సారు ఒక్కనాడు ఏడ్వలే. మనిషే రాయి అనుకున్న. ఎన్కసిరి ఏడనో ఒక పుస్తకంల గా బిడ్డ సచ్చిపోయిన కవి సంగతి సదివిండు. గాయన కోసమే గా దేశం పుస్తకాలన్ని తెప్పిచ్చి సదివిండు. గా కవి తోటి మన బిడ్డ గురించి గూడ రాసిన అన్నడు. సూపెట్టమంటె, అచ్చయినంక సదువు అన్నడు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"జైలుకెల్లి వచ్చినంక మల్ల రాయమంటె చేతగాదన్నడు. నువ్వే గద పేర్చింది. గా పుస్తకంల బిడ్డ గురించి ఏం రాసిండు? ఒక్క మాటన్న యాదున్నదా?"

కళ్ళు మూసుకుని వెతికాను. సారు స్టూలు మీద వంగి కూర్చోవడం గుర్తొచ్చింది. నాలుగు సార్లు రావడం, నేను విసుక్కోవడం గుర్తొచ్చాయి. చేతుల సిరా తుడుచుకోవడం గుర్తొచ్చింది. అక్షరం అక్షరం ఈ వేళ్ళతోనే పెట్టాను. ఒక్క ముక్క రాలేదు.

"లేదమ్మా," అన్నాను. ఆమె ఇంకా నా ముఖంలోకే చూస్తుంటే తట్టుకోలేకపోయాను. "నాలుగో ఫారం మొత్తం నోటికొస్తదమ్మా. చెప్పాల్నా?"

ఆమె వద్దని తలూపి, నా చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.