హారతి అయ్యేదాకా కట్టేయని కొళాయి

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పూలమ్మే ఆమె. బుట్ట దించకుండానే చెప్పింది.

"అక్కా, గుట్ట వెనక ట్యాంకరు నిలబెట్టినారు. దాని పైపు తెచ్చి మన కొళాయిల పైపుకు తగిలిస్తాండారు. ఈ పొద్దు ఆఫీసర్లు చూసేకి వస్తారంట."

కర్నూలు అంచున, బండరాళ్ల మీద కట్టుకున్న కాలనీ మాది. ఇంటింటికీ కొళాయి పెట్టే పని ఒక కంట్రాక్టరుకు ఇచ్చారు. పేదల ఇళ్లలో నీళ్లు పారడం అధికారులు కళ్లారా చూశాకే అతనికి సర్కారు సబ్సిడీ. అతను కొళాయిలైతే బిగించాడు కానీ పెద్ద లైనుకు కలపలేదు. బండ తవ్వాలంటే ఖర్చని.

పక్కింటి అవ్వ ఒకసారి అతన్ని నిలదీసింది.

"ఏమప్పా, నీళ్లు యాడ?"

"కొళాయి ఉండాది కదవ్వా, దాన్ని చూసుకుంటా కూర్చో. దప్పి తీరుతాది" అని నవ్వాడు.

ఆ ఎండాకాలమే బోరింగు నుంచి బిందె తెస్తూ అవ్వ బండ మీద జారిపడింది. తుంటి విరిగింది. మళ్లీ లేవలేదు. కడసారి ఆమె నోట్లో నేను పోసిన నీళ్లు కూడా బోరింగువే. దీపం పెట్టినప్పుడల్లా అతని నవ్వును దేవుడికి గుర్తుచేసేదాన్ని.

నేను బడికి పోలేదు. చదువూ పూజా మా అమ్మే ఇంట్లో నేర్పింది. ఇంటికి కొత్తనీరు వస్తే గంగపూజ చేయాలి, హారతి అయ్యేదాకా ధార తెంచకూడదు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పమని పూలామెను పంపాను.

నీళ్లు రాగానే కొళాయిలన్నిటికీ పసుపు కుంకుమలు పడ్డాయి. బిందెలు నిండాయి, తొట్లు నిండాయి, చివరికి నీళ్లు వీధిన పడ్డాయి. కంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"కట్టేయండమ్మా! సార్లు ఇంకా రాలేదు!"

"పూజలో ఉండామప్పా. నడమ ఆపితే గంగమ్మ ఒప్పుకోదు" అన్నాను.

"శానా పోతాండాయి తల్లీ!"

"పోతే ఏమప్పా? పెద్ద లైను నీళ్లే కదా, అయిపోతాయా?" అంది పూలామె.

వీధంతా నవ్వింది. ట్యాంకరు నీళ్లని అతను నోరు తెరిచి చెప్పలేడు.

మేము హారతి ఇచ్చేసరికి ధార సన్నబడి ఆగింది. అధికారులు వచ్చారు. వాళ్లను నేనే అవ్వ ఇంటికి తీసుకుపోయాను. కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది.

"ఒకసారి గుట్ట వెనక కూడా చూడండి సార్" అన్నాను.

చూసి వచ్చి అతని సబ్సిడీ బిల్లు ఆపేశారు. చెమటలు కారుతున్న అతని ముఖాన్ని కంటినిండా చూశాను. పాపమని అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. బండ తవ్వి పెద్ద లైను కలిపాకే అతనికి సబ్సిడీ దక్కింది. నీళ్లిచ్చినందుకు దేవుడికి దండం పెడతాను. ఆ ముఖాన్ని చూపించినందుకు ఇంకోసారి పెడతాను.

అవ్వ ఇంట్లో ఇప్పుడు నీళ్లు వస్తాయి, అవ్వ లేదు. మీ ఇంట్లో పొద్దున్నే తొలి చెంబు పట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.