దూది మామ నేర్పిన గిటారు దెబ్బ

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక కుర్రవాడు గిటారును తీగల మీదే కాక పొట్ట మీదా పక్కలమీదా చరుస్తూ, ఒక్కడే పదిమంది బ్యాండులా మోగిస్తుంటే చూపించి, ఇలాంటివి మీ కాలంలో లేవుగా నాన్నా అన్నది. ఆ మాటతో ముప్పై ఏళ్ల కిందటి నరసరావుపేటలో మా సందూ, ఆ సందులో ఎగిరే దూదీ గుర్తుకొచ్చి, నాకు తుమ్ములు కూడా వచ్చాయి.

అప్పట్లో మా చెల్లెలు కాలేజీ వార్షికోత్సవంలో పాప్ పాట పాడటానికి పేరిచ్చింది. సరిగ్గా వారం ముందు, డ్రమ్ములు వాయించే అబ్బాయి మాచర్లలో ఒక పెళ్లిలో వాయించే బేరం ఒప్పుకుని మాట తప్పాడు. పేరు వెనక్కి తీసుకుంటానని అది అన్నం మానేస్తే, డ్రమ్ములెందుకు, నా గిటారే డ్రమ్ములూ వాయిస్తుందని అన్నగారి హోదాలో ప్రకటించేశాను. ఎవరో వదిలేసి పోతే నా పాలబడ్డ ఆ గిటారుకు తీగలు ఎంత ఎత్తున ఉండేవంటే, వాటి కింద బల్లి తల వంచకుండా నడిచిపోయేది. కుడిచేతి వేళ్లతో తీగలు మీటుతూనే, అదే అరచేతి కింది అంచుతో చెక్క మీద ఒక దెబ్బ, గోళ్లతో తీగల మీద ఒక చరుపు వేయాలి. చెప్పటానికి ఇంతే. నా దెబ్బలకు తీగల నాదం చచ్చిపోయేది. మా నాన్న రెండుసార్లు వీధి తలుపు తీసి, ఎవరొచ్చారా అని చూసి వచ్చారు.

ఎదురింటి అరుగు మీద పరుపుల దూది ఏకే పెద్దాయనను సందంతా దూది మామ అనేది. విల్లుకు కట్టిన నరాన్ని ఆయన కొయ్యతో కొడితే టంగుమని మోగి, దూది మబ్బులా లేచేది. మూడో రోజుకు ఆయన ఓపిక నశించింది.

"ఏందిరా అల్లుడూ, పాట వాయిస్తున్నావా, మిరపకాయలు దంచుతున్నావా?"

"దెబ్బ గట్టిగా పడట్లా మామా."

"కొట్టటం గాడిదక్కూడా వచ్చు. చెయ్యి లేపటం నేర్చుకో. కొయ్య నరం మీదే పండుకుంటే దూది ముద్దవుద్ది, ఎగరదు."

మిగిలిన నాలుగు రోజులూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విల్లు చేతికిచ్చారు. సాయంత్రానికి నిలువెల్లా తెల్లబడి ఇంటికెళితే, మా అమ్మ ఎవరో సాధువనుకుని చేటలో బియ్యం తెచ్చింది.

వేదిక మీద మొదటి చరణంలోనే భయంతో నా చెయ్యి తీగల మీద పండుకుంది. చెల్లెలి గొంతు తడబడి, అది వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కళ్లు మూసుకుని, కొట్టడం సంగతి వదిలేసి, చెయ్యి లేపడం ఒక్కటే తలుచుకున్నాను. చెక్క చెక్కలా, తీగ తీగలా విడివిడిగా మోగాయి. దాని గొంతు వాటి మీద కుదురుగా కూర్చుంది. ఆ సంబరంలో అది పల్లవి రెండుసార్లు ఎక్కువ పాడి నా వేళ్ల తోలు ఊడగొట్టింది. బహుమతి వేరెవరికో వచ్చింది గానీ, తెర వెనక డ్రమ్ములు ఎవరివని ముగ్గురు అడిగారు. ముప్పైమంది అని నేను చెప్పుకుంటుంటాను.

మర్నాడు పొద్దున్నే చెప్పటానికి వెళితే, మామ చేతిలో పని ఆపలేదు.

"పాప బాగా పాడిందా?"

"చానా బాగా పాడింది మామా."

"మరింకేంది? పక్కకు జరుగు, దూది కళ్లల్లో పడుద్ది."

కాళ్లకు దణ్ణం పెట్టాలని వెళ్లినవాణ్ణి, పక్కకు జరిగి వచ్చేశాను.

ఇప్పుడా సందులోకి ఫోము పరుపులు చుట్టలుగా వచ్చి దిగుతున్నాయి. గిటారు నేర్చుకునే పిల్లలు తలుపులేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరికీ ఇబ్బంది లేకుండా సాధన చేసుకుంటున్నారు. మంచిదే. తప్పు వాయిస్తే ఎదురింట్లోంచి కేకేసే మనిషి లేకుండా వాళ్లెలా నేర్చుకుంటారో గానీ, నాకైతే ఈ వయసులో కూడా, సరిగ్గా వాయించిన రోజున సైతం, ఆ కేక కోసం ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది.