కింది ఇంటి పాట

నిన్న లైబ్రరీ మెట్ల మీద ఎవరో గిటార్ శ్రుతి చేస్తుంటే, ప్లెయిన్స్‌బరోలోని మా పాత అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా కింది ఇంట్లో ఒక గిటారిస్టు, అతని భార్య ఉండేవారు. అతను ఒక రాక్ అండ్ రోల్ పాట కడుతున్నాడు. రోజూ సాయంత్రం ఒకే చరణం మళ్లీ మళ్లీ వాయించేవాడు. ఉన్నట్టుండి గిటార్ ఆగిపోయేది, ఆమె గట్టిగా అరిచేది.

"ఏంటండీ ఆ కేకలు?" అంది అమ్మ, మొదటిసారి విన్నప్పుడు.

"రాక్ అండ్ రోల్ అంటే అంతేనే. మన పాటకచేరీలా ఉంటుందా మరి!" అని నాన్న నవ్వి కిటికీ మూసేశారు.

నాకు మాత్రం ఆ అరుపు నచ్చేది. వినిపించిన ప్రతిసారీ డైరీలో ఒక నక్షత్రం వేసుకునేదాన్ని.

ఒకరోజు బేస్‌మెంట్‌లో బట్టలుతికే మెషిన్ల దగ్గర ఆమె ఒంటరిగా కనిపించింది. దవడ కమిలి ఉంది. ఎవరితోనూ మాట్లాడని నేను ధైర్యం తెచ్చుకుని, "మీ పాటలో మీరు అరిచే చోటు నాకు చాలా ఇష్టం" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "పైకి వినిపిస్తుందా?"

"రోజూ. అమ్మకీ నాన్నకీ కూడా."

"వాళ్లేమంటారు?"

"రాక్ అండ్ రోల్ అంటే అంతేనట."

ఆమె తడిబట్టలు ఆరబెట్టకుండానే బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత గిటార్ ఆగినా అరుపు వినిపించలేదు. పాట పూర్తయిందనుకున్నాను. కమిలిన మచ్చలు మాత్రం ఆమె చేతుల మీద తర్వాత కూడా చూశాను.

ఎంత అరిచినా ఎవరూ రారని ఆమెకు చెప్పింది నేనే.