అవిసెనూనె, ముగ్గుపిండి, అరడజను నిమ్మకాయలు

మొన్న ఆదివారం పొద్దున మా వరండాలోంచి అవిసెనూనె వాసన వచ్చింది. వడ్రంగులు కొత్త తలుపులకు రాసే ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే, అలవాటు కొద్దీ లేచి తలుపు గడియలన్నీ చూసుకున్నాను, చొక్కా జేబు తడుముకున్నాను, ఎవరో నాకు ఏదో ఉత్తగా ఇవ్వబోతున్నారు కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. లోకంలో కొందరికి మల్లెపూల వాసనకు ప్రేమ గుర్తొస్తుందట. నాకు అవిసెనూనె వాసనకు అనుమానం గుర్తొస్తుంది. తప్పు నాది కాదు. నాకు అన్నప్రాసన నాడు పెట్టిన మొదటి ముద్దను కూడా మా బాపమ్మ వాసన చూసి గాని నోట్లో పెట్టనివ్వలేదు.

వరంగల్ చౌరస్తా నుంచి స్టేషనుకు పోయే దారిలో మా కిరాణా దుకాణం ఉండేది. దాని వెడల్పు ఎంతంటే, గడపలో పిల్లి అడ్డంగా పడుకుంటే గిరాకీ బయట నిలబడాల్సిందే; కానీ లోపల లేని సరుకు లేదు. ఎండాకాలంలో కారే బెల్లం దిమ్మలు, వానాకాలంలో ముసురు పట్టినట్టు గాలిలో నిలిచిపోయే ఎండుమిరప ఘాటు, దసరా ముందర బతుకమ్మ సద్దులకని జనం ఎగబడి కొనే నువ్వులు, పల్లీలు, వీటన్నిటి నడుమ తక్కెడ పక్కన మా బాపు. బాపు అంటే మా నాన్న, బాపమ్మ ఆయన తల్లి. ఆయన మనుషులను మొహం చూసి కాదు, కొన్న సరుకు చూసి గుర్తుపట్టేవాడు. వాము, శొంఠి కొంటే ఆ ఇంట్లో పురుడు. చక్కెర ఎప్పటికన్నా ఎక్కువ కొంటే పెళ్లిచూపులు. ఒకే ఇంటి నుంచి మొగుడొక పొట్లం, పెళ్లామొక పొట్లం ఉప్పు విడివిడిగా కొంటే, వాళ్లిద్దరికీ మాటల్లేవని అర్థం. వీధిలో జరగబోయేది వీధివాళ్ల కన్నా ముందు మా బాపుకు తెలిసేది. సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తల్లో ఆ కిలోరాయిని సైతం ఆయన చాలాకాలం నమ్మలేదు. పాత సేరురాయితో తూచి, దాని నిజాయితీని పరీక్షించిగాని పనిలోకి తీసుకోలేదు.

తూకం అయ్యాక పైన చిటికెడు కొసరు వెయ్యడం అప్పటి మర్యాద. శనగలు కొంటే నాలుగు పుట్నాలు, బెల్లం కొంటే గోరంత ముక్క. పిల్లలం అరచెయ్యి చాపుకొని నిలబడితే, కొసరు పడేదాకా ఆ చెయ్యి దిగేది కాదు. మా బాపు కొసరు ధారాళంగా వేసేవాడు. తూచేటప్పుడు ఆయన చిటికెనవేలు తక్కెడ పళ్లేన్ని ఎంత ప్రేమగా పలకరించేదో దగ్గరుండి చూసిన నాకు, ఆ ధారాళం ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసు.

అలాంటి దుకాణానికి ప్రతి ఆదివారం డోర్నకల్ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు దిగి ఒకాయన వచ్చేవాడు. గూడ్సు బండ్ల మీద గార్డు. ఆయన మా గడపలో నిలబడితే లోపల పట్టపగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. మీసాలు రెండూ రెండు వేర్వేరు ఊళ్లకు ప్రయాణం కట్టినట్టుండేవి. ఆయన కొనేది ఎప్పుడూ ఒకటే: చిన్న సీసాడు అవిసెనూనె, ఒక ఉండ నూలుదారం, సంచెడు ముగ్గుపిండి, అరడజను నిమ్మకాయలు.

బాపుకు నిద్ర పట్టలేదు. ఆ మనిషికి ఈ ఊళ్లో ఇల్లు లేదు. ఇల్లు లేనప్పుడు ముగ్గెయ్యడానికి వాకిలి లేదు, నూనె రాయడానికి తలుపూ లేదు. నిమ్మకాయలు పులిహోరకంటే బియ్యం కొనడు. ముగ్గు, దారం, నూనె, నిమ్మకాయలు... వారాల తరబడి కూడికలు, తీసివేతలు చేసి ఒకనాడు అన్నం ముందర తల ఎత్తాడు. బాణామతి, అన్నాడు. మా వైపు చేతబడిని అలా అంటారు. బాపమ్మ ముక్కుపొడుం పీల్చి, ఆ సంగతి తనకు వాడి మీసాలు చూసిన నాడే తెలుసంది.

వేగుకు నన్ను పంపారు. మరుసటి ఆదివారం నేను గార్డు వెనకాల నడిచాను. ఆయన మట్టికోట దాటి, రాతికోట దర్వాజా దాటి ఖిలా వరంగల్ లోపలికి పోయాడు. వానలు వెలిసిన రోజులు. కోటగోడల మీద సీతాఫలాలు కళ్లు తెరుస్తున్నాయి, తడిసిన నల్లరాళ్ల మీద తొండలు మునుల్లా ఎండ కాగుతున్నాయి. తోరణాల అవతల ఖాళీ జాగాలో పది పదిహేను మంది పిల్లలు కొసలు వంకర తిరిగిన కట్టెలు పట్టుకొని తెల్లటి బంతి వెంట పరిగెత్తుతున్నారు. కొందరివి నిజం హాకీ కట్టెలు, కొందరివి వంచిన చింతకొమ్మలు. వాళ్లలో మా అన్న రాజన్న ఉన్నాడు. ఆదివారమాదివారం లెక్కల ట్యూషనుకు పోతున్నాడని మా ఇంట్లో అందరం నమ్ముతున్న రాజన్న.

అన్న కట్టెకూ ఆ బంతికీ ఏదో రహస్య ఒప్పందం ఉన్నట్టుండేది. నలుగురు చుట్టుముడితే బంతి మాయమై, వాళ్లు ఒకరి జేబులొకరు వెతుక్కునేలోగా అవతల తేలేది. గార్డు పక్కన నిలబడి, రైలు బండిని నడిపించినట్టే నడిపించేవాడు: పచ్చజెండా ఊపితే ఉరకాలి, ఎర్రజెండా చూపితే పాదం ఎక్కడుంటే అక్కడ ఆగాలి. తల దించుకొని ఉరికితే ఈల ఊది, "బంతి యాడికి పోదు బిడ్డా, మందే పోతరు. మందిని చూడు" అనేవాడు. ముగ్గుపిండితో గోలు ముందర అర్ధచంద్రం గీశాడు. దారం కట్టెల పిడులకు చుట్టాడు. నూనె కట్టె పగలకుండా రాశాడు. నిమ్మకాయలు సగం ఆట అయ్యాక కోసి పిల్లల నోళ్లలో పిండాడు. వచ్చే ఆదివారం సికింద్రాబాదులో పిల్లల జట్టుకు ఎంపిక ఉందనీ, రాజన్నను తీసుకుపోతాననీ, బాపుతో ఎట్లా మాట్లాడాలో మాత్రం తోచడం లేదనీ పిల్లలతో అనడం విన్నాను. అన్న మొహం చూశాను. అట్లాంటి మొహం వాడికి దసరా కొత్త బట్టల నాడు కూడా రాలేదు.

నేను పరుగెత్తి వచ్చి చూసిందంతా చెప్పాను. బాపు ఒక్కటే అడిగాడు, పైసలేమన్నా తీసుకుంటాడా అని. లేదు, ఎదురు తనే నానబెట్టిన శనగలు పెడుతున్నాడు అన్నాను. ఉత్తగా పెట్టేవాడికి ఇంకేదో కావాలని బాపు నిశ్చయించుకున్నాడు. చావొచ్చినా మూయని దుకాణం మూశాడు. బాపమ్మ రిక్షా ఎక్కింది, వెనకాల సగం బజారు నడిచింది. మేం కోటలో అడుగుపెట్టేసరికి అంతా సిద్ధంగా ఉంది: నేల మీద ముగ్గు, దాని పక్కన కోసిన నిమ్మకాయలు, మధ్యలో రాజన్న, వాడి ముందు మోకాళ్ల మీద కూచొని నడుము నుంచి మడమ దాకా దారంతో కొలుస్తున్న గార్డు. కొత్త కట్టెకు కొలత అది. బాపమ్మకు కాదు.

"పాడెకు కొలిచినట్టు కొలుస్తాండు కదర నా మనుమన్ని" అంది బాపమ్మ. ఆమె ఆ దారం లాక్కొని కొంగున ముడేసింది. బాపు అన్నను లాక్కొచ్చి తక్కెడ వెనక కూలేశాడు. వాడు ఏడవలేదు. పల్లీలలో రాళ్లు ఏరుతూ కూచున్నాడు, రాయి దొరికినప్పుడల్లా వేలితో దాన్ని ఎడమకూ కుడికీ దొర్లిస్తూ.

సాయంత్రం గార్డు దుకాణానికి వచ్చాడు. నూనె అడగలేదు.

"సేటు, గిసొంటి పిలగాడు నాకిన్నేండ్లల్ల దొరకలె. ఒక్కసారి పంపుండ్రి."

"పంపుత గని," అన్నాడు బాపు, "నీకేం మిగులుతది?"

"ఏం మిగలది."

"మిగలని బేరం ఎవడు చేస్తడు గార్డు సాబు?"

గార్డు తక్కెడ వంక చూశాడు. "వారమంత రైల్వేకే తూచి ఇస్తాన సేటు. ఆదివారం ఇది కొసరనుకో."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు కరిగేవారు. కానీ కొసరు ఎక్కడి నుంచి వస్తుందో మా బాపు కన్నా ఎవరికి తెలుసు?

"కొసరు బాగ ఏసేటోడే తూకంల కొడతడు," అన్నాడు. "నేను గూడ వస్త."

అలా మేం నలుగురం సికింద్రాబాదు బండెక్కాం. నేనెందుకంటే, బాపు కళ్లు మూతపడితే గార్డు మీద కాపలాకు. బాపు తన కండువా కొసను అన్న చొక్కాకు ముడేసి కూచున్నాడు. బాపమ్మ కట్టిన సత్తుపిండి, కారం అటుకులు రావణుడి సైన్యానికి సరిపోయేంత ఉన్నాయి. గార్డు ఎదురు బల్ల మీద నుంచి శనగలు చాపితే, బాపు వాటిలో ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకొని కాజీపేట దాకా వాసన చూశాడు.

మైదానంలో షామియానా, దాని కింద కుర్చీలు, కుర్చీల్లో ఎంచే పెద్దమనుషులు. పట్నం పిల్లల బూట్ల తెలుపుకు కళ్లు చెదిరి కాకులు దారి తప్పుతున్నాయి. మావాడికి బూట్లు లేవు. ఆట మధ్యాహ్నం దాకా సాగింది. అన్నను చివరన, మైదానం అంచున, బంతికి నచ్చని మూలలో నిలబెట్టారు. బంతి అటువైపు తిరిగిందో లేదో ఈల వేశారు. అయిపోయిందన్నారు. గార్డు వెళ్లి సలాము చేసి ఇంగ్లీషులో ఏదో బతిమాలాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆయన తన జెండాలు చుట్టుకొని తల వంచుకొని వచ్చాడు. పాపం, ఎర్రజెండాకు ఆగడం తప్ప తెలియని ఉద్యోగం.

మా బాపుకు ఆ ఉద్యోగం లేదు. కండువా దులుపుకొని లేచాడు, సత్తుపిండి మూటతో సహా మైదానం నడిమధ్యకు నడిచి, బాసింపట్టు వేసుకొని కూచున్నాడు. పెద్దమనుషులు వచ్చారు, నీళ్లు పోసే మనిషి వచ్చాడు, అందరూ చుట్టూ మూగారు. బాపు గొంతు పెంచలేదు. చెడ్డ సరుకు తిప్పి పంపేటప్పటి గొంతు అది.

"తూకం తప్పింది. పళ్లెంల సరుకు పడకముందే ముల్లు చూసిండ్రు. మల్ల తూయుండ్రి. అందాక నేను లెవ్వ."

అందులో నిజంగా మోసముందో, లేక పొద్దు పోతోందని తొందరపడ్డారో నాకీనాటికీ తెలియదు. బాపుకు మాత్రం సందేహం లేదు. తన చిటికెనవేలి చుట్టాన్ని ఆయన ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు. చివరకు ఆయన్ను లేపడం కన్నా ఆయన చుట్టూ మళ్లీ ఆట ఆడించడమే సులువని వాళ్లకు అర్థమైంది. గార్డు గీత అవతల నిలబడి పచ్చజెండా విప్పాడు. రాజన్న తలెత్తుకొని ఉరికాడు. ఆ ఉరుకును నేను ఇప్పటిదాకా ఎన్నో రకాలుగా చెప్పాను. ప్రతిసారీ అడ్డుపడ్డవాళ్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. కానీ బంతి గోల్లో పడ్డప్పుడు బాపు మూట వదిలేసి నిలబడ్డది మాత్రం నేను పెంచి చెప్పేది కాదు.

జట్టు పేర్లు చదివారు. మావాడి పేరు చిట్టచివర, ఎక్‌స్ట్రా అని. అన్న నేల చూశాడు, గార్డు మీసాలు రెండూ ఒకే ఊరికి దిగిపోయాయి. ఎక్‌స్ట్రా అంటే ఏందని బాపు అడిగాడు.

"పదకొండు మంది నిండినంక పైన ఒకన్ని ఏస్తరు సేటు."

బాపు గార్డును చూసి మొదటిసారి నవ్వాడు. "కొసరు. నిలబడి ఏయించుకున్నం. చిన్నదేం కాదు."

ఆ కొసరుతోనే అన్న ఊళ్లు తిరిగాడు, మరుసటేడు పదకొండు మందిలో చేరాడు, ఆటతోనే రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. గార్డు సారు ఆదివారాలు రావడం మానలేదు, కొత్త పిల్లలను కొలవడం మానలేదు. బాపు ఆయనకు నిమ్మకాయలు తనే ఏరి ఇచ్చేవాడు. అయినా సంచీ అందించేటప్పుడు, ఈ వారమేమన్నా మిగిలిందా అని అడిగేవాడు. ఏం లేదు సేటు అని గార్డు నవ్వేవాడు. బాపు చివరిదాకా నమ్మలేదు.

ఇప్పుడు ఆ ఖాళీ జాగా చుట్టూ కంచె ఉంది, లోపల పచ్చగడ్డి, మేం గోలుస్తంభాలుగా నిలబెట్టుకున్న చెక్కడపు రాళ్లకు తెల్లరంగుతో నంబర్లు. గూడ్సు బండ్ల వెనక గార్డు పచ్చజెండా ఊపితే పట్టాల పక్క నుంచి తిరిగి చెయ్యూపే పిల్లలు లేరు. మా దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

మొన్నటి వాసన అన్న చేతుల్లోది. రిటైరయ్యాక ఆదివారాలు కాజీపేటలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మా వరండాలో పాత కట్టెకు నూనె పట్టించి, మా చిన్న మనుమణ్ణి నిలబెట్టి నడుము నుంచి మడమ దాకా దారంతో కొలుస్తున్నాడు. నీకేం మిగులుతది అన్నా, అని అడిగాను. బాపు అడిగినట్టే నవ్వకుండా అడిగాను. సరుకు తేవాలి పద అన్నాడు.

హనుమకొండలో అద్దాల తలుపుల దుకాణానికి పోయాం. అన్నీ ప్యాకెట్లే, తూకం వాటి వీపు మీదే అచ్చేసి ఉంది. ముగ్గుపిండి, దారం, నిమ్మకాయలు, చివరకు అవిసెనూనె కూడా అక్కడే దొరికింది. అన్నీ తీసుకొని బల్ల మీద పెట్టాం. ముగ్గు, దారం, నూనె, నిమ్మకాయలు. నేను ఆశగా నిలబడ్డాను. యంత్రం ముందున్న పిల్ల వాటిని ఒక్కొక్కటే కీచుమనిపించి సంచీలో వేసింది. మీసాలు తెల్లబడిన ఇద్దరు మగవాళ్లు ఇవన్నీ ఎందుకు కొంటున్నారని ఆ పిల్లకు అనుమానమైనా రాలేదు.

అన్న అలవాటు కొద్దీ అరచెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ పిల్ల తల ఎత్తకుండానే అందులో రసీదు పెట్టింది.