నోరు తగలని వేణువు: మా నూకరత్నం అక్క

నిన్న పొద్దున్న వత్తులు చేసుకుంటుంటే మన భజన గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

నూకరత్నం అక్క ఇక లేదని.

ఎవరో పొరపాటున పెట్టారనుకుని అక్క నంబర్‌కే ఫోన్ చేశాను. వాళ్ళమ్మాయి ఎత్తింది. నిద్రలోనే హార్ట్ ఆగిపోయిందట.

మీలో చాలామందికి అక్క అనకాపల్లి లైబ్రేరియన్‌గానే తెలుసు. ఆమె రెండో లోకం వేణువు. తనే వెదురు తెచ్చుకుని చేసేది, వాయించేది. ఏ దేశంలో ఎలాంటి పిల్లనగ్రోవి ఉండేదో పుస్తకాలు వెతికి చదివేది. పోటీ పరీక్షల గైడ్ కోసం వచ్చిన పిల్లలకు కూడా, వెనకటి మనుషులు పక్షి ఎముకకు కన్నాలు పెట్టి ఊదేవారని చెప్పి మరీ పంపేది.

మా ఆయన ఆపరేషన్ బాగా జరిగితే వేణుగోపాలస్వామికి వేణువు సమర్పిస్తానని ఒకసారి మొక్కుకున్నాను. ఆయన లేచి తిరిగారు. బజార్లో ఒక వేణువు కొని, చూపిద్దామని లైబ్రరీకి తీసుకెళ్ళాను.

నేను చెప్పేలోపే అక్క తీసుకుని ఊదేసింది.

"అయ్యో, ఎంగిలి సేసేసేవేటక్కా! సామికిద్దామని తెచ్చేను!"

"మంచిదయింది. దీని శ్రుతికి సామి ఆవులు తుమ్మపాల దాటి పారిపోతాయే."

నాకు ఏడుపొచ్చేసింది. సమర్పించాల్సిన కృష్ణాష్టమి దగ్గర పడింది. మొక్కు తీరకపోతే ఎలా అని గుబులు.

అక్క నవ్వు ఆపేసింది.

"ఊరుకోయే. నోరు తగలకుండా నేనే సేసిత్తాను."

"ఊదకుండా శ్రుతెలా తెలుత్తాదక్కా?"

"కొన్ని దేశాల్లో ముక్కుతో ఊదుతారే. పుస్తకంలో సదివేను."

"ముక్కా! అది ఇంకా ఘోరం!"

శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఆ రోజు మా ఆయన సైకిల్ పంపు పట్టుకుని రమ్మంది. దాని ట్యూబు చివర పెన్ను గొట్టం ఒకటి నొక్కి బిగించింది. వాళ్ళ వరండాలో నేను పంపు కొడుతుంటే, అక్క ఆ గాలిని వెదురు మీదికి పట్టేది.

కాల్చిన చువ్వతో ఒక కన్నం. గాలి కొట్టడం, చెవి పెట్టి వినడం, ఆకురాయితో కాస్త అరగదీయడం. మళ్ళీ గాలి.

బుస్సుమనడం తప్ప ఏమీ లేదు. ఒక వెదురు చీలిపోయింది. నా భుజాలు లాగేశాయి.

"కొట్టే. మొక్కింది నువ్వా, నేనా?"

సాయంత్రానికి పలికింది. సన్నగా, తియ్యగా. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

గుడిలో పూజారి గారు, "ఎవరి నోరూ తగల్లేదు కదమ్మా?" అని అడిగారు.

అక్క తడుముకోలేదు. "లేదండీ. గాలి కొట్టి తెచ్చేం."

ఎంగిలి పట్టింపు నాది. అక్కకు అలాంటివేమీ లేవు. అయినా నాతో వాదించలేదు, నా మొక్కును తక్కువ చేయలేదు. భక్తి అంటే ఏమిటో నేను ఎందరి దగ్గరో విన్నాను. చూసింది మాత్రం అక్క దగ్గరే.

తర్వాత ఒకసారి దర్శనం చేసుకుని బయటికొస్తూ అడిగాను.

"ఒక్కసారైనా ఊదాలనిపించలేదా అక్కా?"

"ఎందుకనిపించదే? నా సేత్తో సేసిన వాటిలో అదే మంచిది."

"మరి?"

"నీ మొక్కు కదే."

అంతే అంది. చెప్పులేసుకుని ఆటో పిలిచింది.

వెళ్ళిరా అక్కా. స్వామి ఆ వేణువు నీ చేతికే ఇస్తాడు, నాకు నమ్మకం. అక్కడ ఎంగిలి అనేవాళ్ళెవరూ ఉండరు, తీరిగ్గా ఊదుకో.

నీ ఆత్మ చల్లగా ఉండాలి.