బావగారి ఆదివారాలు

మా బావగారు పోయారని కొత్తపేట నుంచి ఫోను వస్తే నేను వెంటనే నమ్మలేదు. "ఎవరు చెప్పేరు? డాక్టరుగారు చూసేరా? మీరు కళ్ళారా చూసేరా?" అని ఫోను చేసిన అక్కా వాళ్ళ పక్కింటావిణ్ణి గుచ్చి గుచ్చి అడిగాను. "చావు కబురు కూడా అబద్ధం చెప్తామా అండీ?" అని ఆవిడ విసుక్కుంది. ఏం చెయ్యను, నా స్వభావమే అంత. కూరగాయలావిడ తూస్తుంటే నా కళ్ళు ముల్లు మీదే ఉంటాయి. అందులోనూ బావగారి విషయంలో ఏ మాటా ఒక పట్టాన నమ్మకూడదని అక్కా నేనూ ఏనాడో అనుకున్నాం. ఫోను పెట్టేశాక మాత్రం కొత్తపేట బస్సు కోసం పరుగెత్తాను.

ఆయన మా అక్క భర్త. కొత్తపేటలో ఎరువుల కొట్టు. వారమంతా యూరియా బస్తాల మధ్య బుద్ధిగా కూర్చునే మనిషి, ఆదివారం తెల్లారేసరికి మెడలో కెమెరా వేసుకుని పాత అంబాసిడర్ కారెక్కేవారు. రాజోలు దాటి, అంతర్వేది దాకా వెళ్ళి, అక్కణ్ణించి సముద్రపు ఒడ్డు వెంబడి కరవాక వైపు పోయే దారి పట్టేవారు. తొంభైల్లో ఆ దారి కొంత తారు, కొంత ఇసక. ఎదురుగా ఒక సైకిలు వస్తే అదే పెద్ద రద్దీ.

ఇంతా చేసి తెచ్చేదేమిటి? ఫొటోలు. అవైనా ఎలాంటివి! ఖాళీ ఇసక, సరుగుడు తోటలు, వంపు తిరిగిన దారి, దూరంగా సముద్రం. వెతికి చూసినా ఒక్క మనిషి కనబడడు. ఫొటో అంటే పెళ్ళికో పేరంటానికో తీయించుకునేదని తెలిసిన ఇల్లు మాది. "ఎవరూ లేని చోటికి ఇంత పెట్రోలు పోసుకుని ఎవరైనా వెళ్తారా? సరదాకి ఎవరే ఇసకని తీసేది?" అనేది అక్క.

ఒకరోజు ఒక ఫొటో పట్టుకుని అమలాపురంలో మా ఇంటికొచ్చేసింది. "అంచున చూడవే," అంది. చూశాను. కుడివైపు అంచున, గాలికి ఎగురుతున్న ఆకుపచ్చ చీర చెంగు. మనిషి లేదు, చెంగొక్కటే. "ఒడ్డున ఇంకో కాపురం పెట్టేరేమోనే," అంది అక్క. అదే నిజమైతే ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండనంది. ఏడవలేదు గానీ, ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. "వచ్చే ఆదివారం ఆయనతో నువ్వెళ్ళు. నేనడిగితే చెప్పరు," అంది.

వెళ్ళాను. "సముద్రం చూడాలనుందండీ బావగారూ," అన్నాను. "దానికేం భాగ్యం, ఎక్కండి మరదలుగారూ. సముద్రాన్నే చూడండి మరి," అని నవ్వారు. ఈయనకి తెలిసిపోయిందిరా బాబూ అనుకున్నాను. రాజోల్లో వేరుశెనక్కాయలు కొన్నారు. కారు ఆపిన చోటల్లా అవి ఒలిచి సగం నా చేతిలో పోసేవారు. ఆపడమంటే అరగంటలూ గంటలూ! మబ్బు తొలగాలట, వెలుగు సరుగుడు మానుల మీదికి వాలాలట. "మనం వచ్చేమని సముద్రానికి తెలియకూడదండి. తెలిస్తే మామూలుగా ఉండదు," అన్నారు. మామూలుగా లేనిదెవరో నేను చూస్తూనే ఉన్నాను లెండి, అని లోపల అనుకున్నాను.

ఒక తోట దగ్గర కారు ఆగిందో లేదో లోపల్నుంచి ఒకావిడ గబగబా వచ్చింది. ఆకుపచ్చ చీర. "ఏంటండీ బాబూ, ఇయ్యాల ఇంత ఆలస్యం?" అంది. అయిపోయింది మా అక్క కాపురం, అనుకున్నాను.

బావగారు కెమెరా తీశారు. ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆయన ఎడమకి తిరిగితే ఎడమకి, కుడికి తిరిగితే కుడికి. "కొంచెం పక్కకి జరగండమ్మా," అన్నారు బతిమాలుతూ.

"నేను జరగనండి. ఈ తోట నాది. ఖాళీగా ఫొటో తీసేత్తే రేప్పొద్దున్న ఇది ఎవరిదీ కాదంటారు."

అప్పుడర్థమైంది. రొయ్యల చెరువుల కోసం ఆ ఒడ్డంతా బేరగాళ్ళు తిరుగుతున్న రోజులవి. ఖాళీ నేలకి ఫొటో తీశారంటే బేరం పెట్టినట్టే లెక్క. అందుకని కెమెరా కనబడితే చాలు, ఎవరి నేలలో వాళ్ళొచ్చి నిలబడిపోయేవారు. "అమ్మడానికి కాదమ్మా, సరదాకి," అన్నారు బావగారు. "సరదాకి ఇసకని ఎవరు తీత్తారండీ?" అంది ఆవిడ. అచ్చం మా అక్క మాటే! నవ్వాపుకోలేక కారు వెనక్కి వెళ్ళిపోయాను.

తిరిగొస్తూ, మీకు కోపం రాదా అని అడిగాను. "పోనీలెండి. వాళ్ళ నేల, వాళ్ళ భయం," అన్నారు. ఎరువు కల్తీదేమోనని బస్తా విప్పి చూసుకునే రైతుని కూడా ఆయన ఏనాడూ కసురుకోలేదు. ఇంతమంది అనుమానాల మధ్య అంత చల్లగా బతికిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాను. సగమే నమ్మింది. "నువ్వున్నావని ఇద్దరూ కలిసి నాటకమాడేరేమో," అంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కొత్త ఫొటోలు రాగానే ముందు అంచులు వెతికేది. ఆయనే తెచ్చి ఒళ్ళో పెట్టి, "అంచులు చూడ్డం అయిందా? ఇంక మధ్యలో కూడా చూడు," అనేవారు.

ఈమధ్య గుండెజబ్బుతో మంచాన పడ్డారు. ఆదివారాలు ఆగిపోయాయి. తర్వాత ఆయనే వెళ్ళిపోయారు.

పెద్దకర్మ నాడు పీట మీద పెట్టడానికి ఆయన ఫొటో కావాల్సి వచ్చింది. పెట్టెల నిండా ఫొటోలే, ఆయనున్నది ఒక్కటీ లేదు. పెళ్ళి ఫొటో బయటికి తీస్తే అందులో మీసం కూడా సరిగా రాని పెళ్ళికొడుకు. సొంత పిల్లలే గుర్తుపట్టలేదు. ఏం చెయ్యాలా అని మల్లగుల్లాలు పడుతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. జుట్టు నెరిసింది గానీ నేను పోల్చుకున్నాను. తోటావిడ.

చేతిలో ఒక ఫొటో. దాన్ని బస్టాండులో అందరికీ చూపించి, "ఈయన ఎక్కడుంటారండీ?" అని అడుగుతూ వచ్చిందట. "మరీ ఇన్ని ఆదివారాలు రాపోతే, నా తోట ఎవరికో రాయించేసేరేమోనని అనుమానమొచ్చిందండి. నిలదీద్దామని వచ్చేను," అంటూ షామియానా కేసి, ఖాళీ పీట కేసి చూసి ఆగిపోయింది.

అక్క ఆ ఫొటో లాక్కుంది. ఇసకలో నిలబడి బావగారు పగలబడి నవ్వుతున్నారు. అలా నవ్వగా ఇంట్లో మేమెవరమూ చూడలేదు. అక్క మొహం నల్లబడింది. "ఎవరు తీసేరిది?"

"నేనేనండి. తర్వాత ఆయనే కడిగించి తెచ్చిచ్చేరు. రేపు మోసం చేసి పోతే పోలీసోళ్ళకి చూపించడానికి మీ బొమ్మొకటి నా దగ్గరుండాలి అన్నానండి. ఆయ్, తీసుకోండమ్మా అని కెమెరా నాకే ఇచ్చేరు. ఎక్కడ నొక్కాలో చూపించేరు. అచ్చం మా ఇంటావిడలాగే మాట్లాడేరు అని ఒకటే నవ్వండి."

అక్క అక్కడే కూలబడిపోయింది. అన్నాళ్ళూ ఏడవని మనిషి భోరున ఏడ్చింది.

ఆవిడ "అయితే ఇంక ఆదివారాలు రారాండీ?" అని నన్నడిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

ఫొటో పీట మీద పెట్టి దండ వేశాం. భోజనాలకి లెమ్మంటే ఆవిడ లేవలేదు, ఫొటోకి ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. అక్క వెళ్ళి ఆవిడ పక్కనే చతికిలబడింది. వడ్డించేవాళ్ళు రెండుసార్లు పిలిచి వెళ్ళారు. వాళ్ళిద్దరూ ఆయన నవ్వు కేసే చూస్తూ కూర్చున్నారు.