వదిన గిన్నెలో కిరసనాయిలు

ఆవిడ ఊరందరికీ వదిన. ఆవిడ పుట్టేనాటికే మీసాలు మెలేసినవాళ్లకీ వదినే, మొన్న మొన్న నడక నేర్చినవాళ్లకీ వదినే. సొంత మొగుడు కూడా ఒకసారి పరధ్యానంలో అలాగే పిలిచి, దాని ఫలితం చాన్నాళ్లు అనుభవించాడని వినికిడి.

రేవు వీధి చివర, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నట్టుండే చిన్న హోటలు ఆవిడది. లోపల నాలుగు బల్లలు. వాటిలో ఒకదానికి కాలి కింద చెక్కముక్క పెట్టకపోతే గిన్నె దానంతటదే ఎదుటివాడి దగ్గరికి పోతుంది. వంట ఒకటే: ఆల్చిప్పలు. వాటి నీళ్లలోనే ఉడికించి, కాస్త ఉప్పు, దంచిన మిరియాలు, ఆఖర్న ఓ చెంచా వెన్న. వెనక నీళ్లలో తాళ్లు వేలాడదీసి ఆ ఆల్చిప్పల్ని పెంచేది మొగుడు. గుమ్మం మీద బోర్డు: "ఇచ్చట మా ఒడ్డు ఆల్చిప్పలు మాత్రమే వండబడును." ఆ "మాత్రమే" కింద ఎర్రగీత. అది కొండ అవతలి ఒడ్డున ఉన్న అక్కగారి కోసం గీయించింది. అక్క కూడా ఆల్చిప్పలే పెంచుతుంది. "దాని సరుకు బురద వాసనమ్మా" అని వదిన ఊరందరితో అన్నది. ఊరందరూ ఆ మాటని కొండ దాటించారు.

కొందరు మహనీయులు రాజ్యాలు గెలిచారు, కొందరు గ్రంథాలు రాశారు. వదిన సాధించింది ఒక్కటే. తన జన్మలో ఎవరి ముందూ చెడ్డ గిన్నె పెట్టలేదు. బల్లలు వీధిలోకి వచ్చాయని చలానా రాయడానికి వచ్చిన మునిసిపాలిటీ మనిషికి కూడా ముందు కడుపునిండా పెట్టి, చెయ్యి కడుక్కోనిచ్చి, తువ్వాలు అందించి, అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. "తినేవాణ్ణి తిట్టకూడదు, తిట్టేవాడికి చెడ్డది పెట్టకూడదు" అనేది ఆవిడ రాజ్యాంగం. సవరణలు లేవు.

ఇటువంటి వ్యక్తి జీవితంలోకి చమురు ఓడలు వచ్చాయి.

మొదట అవి దూరంగా, ఆకాశమూ నీళ్లూ కలిసేచోట, ఎవరో గీసి మరిచిపోయిన గీతల్లా ఉండేవి. తర్వాత ఉత్తరాన చమురు దించే కొత్త రేవు కట్టారు. దాంతో ట్యాంకర్లు ఎక్కువయ్యాయి. రేవు ఖాళీ అయ్యేదాకా వంతుకోసం ఆగాలి కదా, మా తీరం వంపులో లంగరేసి ఆగడం మొదలుపెట్టాయి. రేషను కొట్టు ముందు సంచులు పెట్టినట్టు వరసగా. ఆగినవి ఊరికే ఆగుతాయా? ఏదో కడుగుతాయి, ఏదో వదుల్తాయి. నీళ్లమీద ఏడు రంగులూ తేలుతాయి. ఈ సంగతి అడిగితే, సముద్రానికి సహజంగానే కొంత మెరుపు ఉంటుందని కంపెనీవారు కరపత్రం వేశారు. ఊరందరికీ గొడుగులు, క్యాలెండర్లు పంచారు. క్యాలెండరు మీద మా వంపు బొమ్మే. అందులో ఒక్క ఓడా లేదు.

కొన్నాళ్లకి వదిన కస్టమర్లు గిన్నెలో సగం వదిలేసి "ఆకలి లేదు వదినా" అనసాగారు. ఆవిడ ఒక ఆల్చిప్ప నోట్లో వేసుకుని నిలబడిపోయింది. కిరసనాయిలు. పొయ్యి మీద వండింది కాదు, పొయ్యినే వండినట్టుంది.

ఆ రోజునుంచి ఆవిడ తాజా సరుకు వండడం మానేసింది. ఉన్న నిల్వ అయిపోయాక హోటలు మధ్యాహ్నాలు ఖాళీ. బల్లలు ఖాళీగా ఉన్నాయి గనక తీర పరిరక్షణ సంఘం అక్కడ సమావేశమయ్యేది. సంఘానికి అధ్యక్షుడు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన రాసిన వినతిపత్రాలు గొప్ప గాంభీర్యంతో మొదలై అంతకంటే గాంభీర్యంతో దాఖలయ్యేవి. నీళ్లు పరీక్ష చేయించామనీ, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయనీ జవాబు వచ్చేది. ఎవరి పరిమితుల్లో అనేది మాత్రం వచ్చేది కాదు.

చివరికి మాస్టారికి ఓ మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "పరీక్షలు మీవి. నాలుకలు కూడా మీవే కావలెను. విచారణ సంఘం స్వయంగా వచ్చి మా ఆల్చిప్పలు తిని చూడవలెను" అని రాశారు. ప్రభుత్వం వెంటనే ఒప్పుకుంది. అన్ని వినతుల్లోనూ భోజనం ప్రస్తావన ఉన్నది అదొక్కటే.

అందరికీ తెలిసిన విషయం ఇది: నివేదిక మావైపు వస్తే ఓడలు మా వంపు వదిలి నడిసంద్రంలో ఆగాలి. వ్యతిరేకంగా వస్తే లంగరుచోటు ఇంకా లోపలికి, సరిగ్గా వదిన మొగుడి తాళ్ల మీదికి జరుగుతుంది. అంటే తాళ్లు పోతాయి, హోటలు పోతుంది, బోర్డు మీద ఎర్రగీత మిగుల్తుంది.

విచారణ రోజు పొద్దున్నే మొగుడు బుట్టెడు ఆల్చిప్పలు తెచ్చి వంటింట్లో దించాడు. ముఖంలో పెళ్లికళ.

"కంపు అదిరిపోతోందే! ఒక్క ముద్దకే లేచి పారిపోతారు."

వదిన నాలుగు ఉడికించి మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"ఇది మనుషులు తినేదేనా అండీ?"

"తినలేరనే కదా తినిపించేది!"

"నా గిన్నెలోంచా?"

"మరి నా చెప్పులోంచా? ఒక్కపూట నోరు మూసుకుని వడ్డించు, మన బతుకు నిలబడుతుంది."

ఆవిడ నోరు మూసుకుంది. అది చూసి మొగుడు అనుమానించాల్సింది. సంతోషించాడు.

అతను మాస్టారితో కలిసి స్వాగత తోరణం కట్టడానికి వెళ్లగానే వదిన ఆ బుట్ట మీద తడిగోనె కప్పి, ఇంకో ఖాళీ బుట్ట పట్టుకుని బస్సెక్కింది. కొండ అవతల అక్క పెరట్లో కూర్చుని తాళ్లు గీకుతోంది. చెల్లెల్ని చూసి కత్తి పక్కన పెట్టింది. మాట్లాడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి మరి.

"ఏమే, దారి తప్పావా?"

"ఓ బుట్టెడు కావాలక్కా."

"మావి బురద వాసన కదే?"

వదిన ఖాళీ బుట్ట ముందుకి జరిపింది.

"మా బురద మీ ఊరి దొరలకి పనికొస్తుందా అని?"

"ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తాను. ముందు ఒక్కమాట అను. బాగుంటాయని అను."

వదిన సముద్రంవైపు తిరిగి, దానితో చెప్పినట్టుగా, "బాగుంటాయి" అంది. అక్క ఆ మాటని రెండుసార్లు చెప్పించుకుని బుట్ట నింపింది.

మధ్యాహ్నం విచారణ సంఘం వచ్చింది. అధ్యక్షులవారు, గుమాస్తా, కంపెనీ తరఫు పెద్దమనిషి. ఈ పెద్దమనిషి మా ఆల్చిప్పలు నిక్షేపంగా ఉన్నాయని పత్రికలవాళ్లకి అనేకసార్లు చెప్పినవాడు. గిన్నె ముందు పెట్టగానే వాచీ చూసుకుని "నేను తర్వాత" అన్నాడు. అధ్యక్షులవారు ఒకటి నోట్లో వేసుకున్నారు. గది అంతా ఆయన ముక్కు పుటాల మీద ఆధారపడి ఉంది.

ఆయన రెండోది తీసుకున్నారు. మూడోది. గిన్నె వంచి నీళ్లు కూడా తాగారు.

"ఇంకా వాసన రాలేదేమిటయ్యా?" అన్నారు మాస్టారు, వదిన మొగుడి చెవిలో.

"వస్తుంది, ఆగండి. నెమ్మదిగా పట్టుకుంటుంది."

అధ్యక్షులవారు రెండో గిన్నె అడిగారు. అది చూశాక కంపెనీ పెద్దమనిషికి కూడా ఆకలి వేసింది.

"అమ్మా, నా సర్వీసంతటిలో ఇంత రుచి ఎరగను" అన్నారు అధ్యక్షులవారు.

"ఇంకాస్త వెన్న వెయ్యనా?" అంది వదిన, మొహం ఇంత చేసుకుని. మెచ్చుకున్నప్పుడు ఆ మాట ఆవిడ నోటినుంచి దానంతటదే వస్తుంది. గుమాస్తా కలం గీరుమన్నాక గానీ తను ఏ పప్పులో కాలేసిందో తెలియలేదు.

వాళ్లు వెళ్లాక నిజం బయటపడింది. మొగుడు అరిచాడు. మాస్టారు అరవలేదు, కుంటి బల్ల మీద చేతులు ఆనించి కూలబడ్డారు. బల్ల కూడా ఆయనతోపాటు ఓ పక్కకి ఒరిగింది.

"వదినగారూ, ఒక్కపూట, ఊరికోసం, చెడ్డది పెట్టలేకపోయారా?"

"పొద్దున మూత తీసి చూశాను మాస్టారూ. వచ్చేవాళ్లు చేతులు కడుక్కుని కూర్చుంటారు. కడుక్కుని వచ్చినవాడి ముందు అది ఎలా పెట్టను?"

"అది ఆతిథ్యం కాదమ్మా, సాక్ష్యం!"

"గిన్నెలో పెట్టమన్నారుగా మరి" అంది వదిన.

అయితే ఆవిడ పిరికిది కాదు. మర్నాడు పురమందిరంలో నివేదిక చదువుతారనగా, జీవితంలో మొదటిసారి చెడ్డ గిన్నె పెట్టడానికి సిద్ధపడింది. మొగుడి తాళ్ల సరుకే ఉడికించి, మూత కట్టి, రెండు చేతుల్తో మోసుకెళ్లి వేదిక మీద పెట్టింది.

"అయ్యా, నిన్న మీరు తిన్నవి మా అక్క ఒడ్డువి. తప్పు నాది. ఇవి మావి. తినండి."

హాలంతా గుసగుసలు. మూత తీసింది. ముందు వరసవాళ్లు రుమాళ్లు తీశారు. వెనకవరసలో ఎవరో కిటికీ తెరిచారు. కంపెనీ పెద్దమనిషికి ఆ రోజు కడుపు బాగాలేదట.

అధ్యక్షులవారి ముందు నివేదిక ఉంది. టైపు అయిపోయింది, సంతకం కూడా అయింది. మధ్యాహ్నం రైలుకి టిక్కెట్టుంది. ఆయన ఒకసారి కాగితంవైపు, ఒకసారి గిన్నెవైపు చూసి, రెంటికంటే మార్చడానికి వీలైనది తన ముఖమేనని నిశ్చయించుకున్నట్టు చిరునవ్వు పెట్టుకుని ఒక ఆల్చిప్ప నోట్లో వేసుకున్నారు. నమిలారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగారు.

"బాగుంది" అన్నారు. "నిన్నటికంటే కొంచెం ఘాటు."

గుమాస్తా "ఘాటు" అని రాసుకున్నాడు.

"ఏం బాగుంది?" అంది వదిన.

"అదే... మొత్తంగా..." అంటూ ఆయన ఇంకోటి తీసుకున్నారు. ప్రభుత్వోద్యోగంలో ఇంతటి త్యాగాన్ని ఊరు ఎప్పుడూ చూడలేదు.

వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఓడలు, తాళ్లు, లంగరుచోటు ఏవీ గుర్తులేవు. "ఇది బాగుంటే, నిన్నటిదాన్ని బాగుందన్నారే, అదేమిటి? ఇన్నేళ్లూ మీలాంటివాళ్లు బాగుందన్నవన్నీ ఏమిటి?" ఆయన మూడోదానికి చెయ్యి చాచారు. గొంతు పట్టేసి దగ్గు వస్తోంది, అయినా చాచారు. అప్పుడు వదిన చేసిన పనిని మాస్టారు ఇప్పటికీ కళ్లు మూసుకుని తలుచుకుంటారు.

గిన్నె లాగేసుకుంది.

"వద్దు, తినకండి బాబూ. కడుపు పాడవుతుంది. ఎవరైనా ఈయనకి మంచినీళ్లివ్వండయ్యా!"

హాలంతా నవ్వింది. అధ్యక్షులవారు నీళ్లు తాగి, తేరుకుని, కృతజ్ఞతగా కలం అందుకుని నివేదిక చివర సొంత చేతిరాతతో ఒక వాక్యం చేర్చారు: "ఫిర్యాదుదారు తాను సమర్పించిన సాక్ష్యాన్ని తానే ఉపసంహరించుకున్నారు."

లంగరుచోటు లోపలికి జరిగింది. ఓడలు ఇప్పుడు ఎంత దగ్గరగా ఆగుతాయంటే, వాటి మీదివాళ్లు ఆరేసుకున్న బట్టలు ఉతికినవో కాదో ఒడ్డునుంచి చెప్పొచ్చు. మొగుడి తాళ్లు తీసేయించారు. అతను రోజూ బస్సెక్కి కొండ అవతల వదినగారి దగ్గర పని చేస్తాడు. అక్కడ ఆవిడ నిజంగానే అతనికి వదిన, ఆ హోదాని పూర్తిగా వాడుకుంటుంది. మాస్టారు కొత్త వినతిపత్రం రాస్తున్నారు. అందులో భోజనం ప్రస్తావన లేదు, అందుకే జవాబు ఇంకా రాలేదు.

హోటలు మాత్రం పోలేదు. వదిన బోర్డు దింపించి రంగులాయన చేత మళ్లీ రాయించింది: "ఇచ్చట మా అక్క ఒడ్డు ఆల్చిప్పలు మాత్రమే వండబడును." ఎర్రగీత అలాగే ఉంచమంది. అక్క బస్సెక్కి వచ్చి, ఎదుటి అరుగు మీద కూర్చుని, ఆ బోర్డు తనివితీరా చదువుకుని వెళ్లింది.

ఇప్పుడు ఎవరైనా "బాగుంది వదినా" అంటే ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి "ఏం బాగుంది?" అని నిలదీస్తుంది. జవాబు చెప్పేదాకా కదలదు.

కంపెనీ పెద్దమనిషి కూడా వస్తాడు. ఆ రుచి మరిగాడు. మా వంపులో నీళ్లు అద్దంలా ఉన్నాయని పొద్దున పత్రికలవాళ్లకి చెప్పి, మధ్యాహ్నానికి మూల బల్ల దగ్గర తేలతాడు. గిన్నె ముందుకి రాగానే వెంటనే ముట్టుకోడు. అటూ ఇటూ చూసి, తల వంచి, మెల్లగా అడుగుతాడు:

"అమ్మా, ఇవి ఏ ఒడ్డువి?"

వదిన అతనికి ఎప్పుడూ చెడ్డది పెట్టలేదు. తినేవాణ్ణి తిట్టనూ లేదు. వంటింటి గుమ్మంలోంచి వీధి చివరిదాకా వినబడేలా జవాబు మాత్రం చెబుతుంది.

"అక్క ఒడ్డువే బాబూ! మీ ఓడలు అక్కడికి రావు. భయం లేకుండా తినండి!"

నాలుగు బల్లలూ అతనివైపు తిరుగుతాయి. అతను తల ఎత్తకుండా తింటాడు. మా నీళ్ల గురించి కంపెనీవారు వెలువరించిన నిజమైన నివేదిక ఇంతవరకూ ఆ ఒక్క ప్రశ్నే.